పెళ్లికి ముందు పరిచయం పిల్లలున్నవాళ్లకే ఎక్కువ అవసరం

ఆదివారం పత్రికల్లో వధూవరుల ప్రకటనల పేజీ తిరగేస్తే ద్వితీయ వివాహాలకంటూ ఒక మూల కనిపిస్తుంది. అక్కడ తిరిగే మాటలు కొన్నే. 'నామమాత్రపు వివాహం', 'విడాకులు, సంతానం లేదు', 'బాదరబందీ లేనివారు'. మగవాళ్ల తరఫు ప్రకటన అయితే 'ఒక పాప గలదు, పాపను ప్రేమగా చూసుకొను వధువు కావలెను' అని నిస్సంకోచంగా అడుగుతుంది. ఆడవాళ్ల తరఫు ప్రకటనలో బిడ్డ ప్రస్తావన వచ్చిందంటే పక్కనే 'బాబు అమ్మమ్మ వద్దనే ఉండును' అన్న హామీ కూడా రావడం మామూలు. పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లు ఇదే ప్రశ్నను కాస్త మర్యాదగా వేస్తాయి: పిల్లలున్నారా, ఉంటే మీతో ఉంటారా ఉండరా అని. అప్పులూ ఆస్తులూ రాసుకునే చిట్టాలో బిడ్డను అప్పుల వైపు వేసినట్టే ఉంటుంది ఈ వ్యవహారమంతా. ఇక పిల్లలున్న ఒంటరి స్త్రీ గానీ పురుషుడు గానీ సొంతంగా ఎవరితోనైనా పరిచయం పెంచుకుని, దాన్ని డేటింగ్ అన్నారంటే మన మధ్యతరగతి మొహం చిట్లిస్తుంది. 'ఈ పిల్లల్ని పెట్టుకుని ఇదేం పని, కావాలంటే పద్ధతిగా పెళ్లి చేసుకోవచ్చుగా' అంటుంది. నా వాదన దీనికి సరిగ్గా ఎదురుగా నడుస్తుంది. పెళ్లికి ముందు నెలల తరబడి, నిదానంగా ఒకరినొకరు తెలుసుకోవాల్సిన అవసరం పాతికేళ్ల జంట కంటే పిల్లలున్నవాళ్లకే ఎక్కువ. పాతికేళ్ల జంట పొరపాటు పడితే నష్టపోయేది నిర్ణయం తీసుకున్న ఆ ఇద్దరే. వీళ్లు పొరపాటు పడితే, నిర్ణయంలో ఎవరూ ఒక్క మాటైనా అడగని పసివాడు నష్టపోతాడు.

మనవాళ్లు పిల్లల పేరు చెప్పే తీరులోనే ఒక పక్షపాతం ఉంది. భార్య పోయిన మగవాడితో 'పిల్లల మొహం చూసైనా మళ్లీ చేసుకో' అంటారు. భర్త పోయిన ఆడదానితో 'పిల్లల మొహం చూసి రోజులు గడుపుకో' అంటారు. అవే మొహాలు ఒకరికి పెళ్లికి కారణం, మరొకరికి అడ్డు. 2011 జనగణనలో భర్తనో భార్యనో పోగొట్టుకుని అలాగే ఉండిపోయినవారు దేశంలో 5 కోట్లకు పైగా తేలారు. వారిలో నాలుగింట మూడొంతులకు మించి స్త్రీలే. ఆడవాళ్ల ఆయుర్దాయం ఎక్కువ, పెళ్లినాటికి వాళ్ల వయసు తక్కువ, కాబట్టి కొంత తేడా సహజమే అనుకుందాం. విడాకుల సంగతికి ఏం చెబుతాం? ప్రతి విడాకుల కేసులోనూ ఒక మగ, ఒక ఆడ ఉండి తీరాలి. అయినా ఆ జనగణనలో విడాకులు పొందినవారిగా, విడిగా ఉంటున్నవారిగా నమోదైన స్త్రీల సంఖ్య మగవాళ్ల కంటే ఎక్కువే. మగవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకుని ఆ లెక్కలోంచి త్వరగా బయటపడుతున్నారని దీన్ని పరిశీలించిన పరిశోధకులు అన్నారు. అప్పట్లో విడాకులు పొందినవారు దాదాపు 13.6 లక్షల మంది, విడాకులు లేకుండానే విడిగా బతుకుతున్నవారు వారికి రెండున్నర రెట్లకు పైగా. ఈ రెండో గుంపులో పిల్లలను పెట్టుకుని పుట్టింట్లో ఉంటున్న తల్లులు ఎందరో మన ఊళ్లు తెలిసినవాళ్లు ఊహించగలరు.

మన సంస్కరణ చరిత్ర కూడా ఈ తల్లులను పెద్దగా పట్టించుకోలేదు. వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. ఆ డిసెంబర్‌లోనే ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పూనికతో కలకత్తాలో జరిగిన పెళ్లిలో వధువు పదేళ్ల పిల్ల. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహంలోనూ వధువు బాలవితంతువే. ఆనాటి ఘోరం అదే కాబట్టి వాళ్లు ముందు దాని మీదే విరుచుకుపడ్డారు, తప్పు పట్టడానికి లేదు. కాకపోతే వాళ్ల కళ్ల ముందు నిలిచిన వితంతువు కాపురమే ఎరుగని పసిపిల్ల. ఇద్దరు పిల్లల తల్లి ఆ ఉద్యమ చిత్రంలోకి ఆలస్యంగా, అరకొరగా వచ్చింది. 1856 చట్టాన్నే చూడండి. పెళ్లికి అనుమతిచ్చిన చేత్తోనే, మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో ఉన్న హక్కును తీసేసింది. దాని మూడో సెక్షన్ ప్రకారం, భర్త వీలునామాలో ఆమెనో మరొకరినో సంరక్షకులుగా రాసి ఉండకపోతే, భర్త తల్లిదండ్రులు, మగ బంధువులు కోర్టుకెళ్లి పిల్లలకు వేరే సంరక్షకుణ్ని నియమించమని అడగొచ్చు. 'పెళ్లి కావాలా, పిల్లలు కావాలా' అన్న ప్రశ్నను చట్టమే తల్లి ముందు పెట్టినట్టయింది. ఆ చట్టం రద్దయింది 1983లో. సేద్యం, చేతివృత్తులు, కూలి మీద బతికే అనేక కులాల్లో మారుమనువు ఎప్పటి నుంచో ఉంది, అక్కడ స్త్రీకి రెండో పెళ్లి తలవంపు కాలేదు. అక్కడా బిడ్డలు తండ్రి ఇంటిపేరు వాళ్లకే చెందుతారన్న లెక్క చాలాచోట్ల నడిచింది. సంప్రదాయ ముస్లిం న్యాయంలో తల్లి, బిడ్డకు పరాయి అయిన వ్యక్తిని పెళ్లాడితే పెంపకపు హక్కు కోల్పోతుంది. దారులు వేరైనా అన్నీ చేరే చోటు ఒకటే: తల్లి కొత్త ఇంటికి, బిడ్డ పాత ఇంటికి.

ఇప్పుడు మనం 'పద్ధతి' అంటున్న రెండో పెళ్లి ఎలా కుదురుతుందో చూద్దాం. మధ్యవర్తి సంబంధం తెస్తాడు. చూపులు ఇంట్లో కాకుండా ఏ గుడిలోనో హోటల్లోనో పెట్టుకుంటారు. ఆ పూటకు బిడ్డను పక్కింటికో మేనత్త ఇంటికో పంపేస్తారు. జీతమెంత, మొదటి పెళ్లి ఎందుకు చెడింది, కోర్టు కాగితాలు చేతికొచ్చాయా లాంటివన్నీ పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు. బిడ్డ సంగతి ఆఖర్న, గొంతు తగ్గించి, 'కొన్నాళ్లు మా దగ్గరే ఉంటాడు లెండి' అన్న ఒక్క ముక్కతో తేలిపోతుంది. నెల తిరక్కుండా దండలు మార్చుకుంటారు. ఆ 'కొన్నాళ్లు' చాలాసార్లు పదో తరగతి దాకా సాగుతాయి. అమ్మమ్మలు, తాతయ్యలు పెంచిన పిల్లలు బాగుపడరని ఇక్కడ ఎవరూ అనడం లేదు, ఎన్నో ఇళ్లను నిలబెట్టింది వాళ్లే. అయితే తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు తల్లినీ వారానికొక ఫోన్ కాల్‌గా మార్చుకోవాల్సి రావడం వాడి బాగుకోసం తీసుకున్న నిర్ణయమని చెప్పుకోవడంలో నిజాయితీ లేదు. అది కొత్త సంబంధం చెడకుండా పెద్దలు చేసుకున్న సర్దుబాటు.

బిడ్డ తల్లితో పాటు వెళ్లినా కథ మరీ మెరుగ్గా ఏం ఉండదు. నిన్నటి దాకా పేరైనా తెలియని మనిషిని 'నాన్నా' అని పిలవమంటారు. పిలవకపోతే 'మొండి' అంటారు. మగవాడి రెండో పెళ్లిలో ఇంకో రకం చిక్కు. పోయిన భార్య చెల్లెలినే ఇచ్చి చేసే ఆనవాయితీ వెనుక, పిల్లలకు కొత్త మనిషి కాకూడదన్న ఆలోచన కొంత ఉంది. బిడ్డకు ముందే తెలిసిన మనిషి కావాలని మన పెద్దలకూ తెలుసన్నమాట. బయటి సంబంధమైతే ఆ జాగ్రత్తను గాలికొదిలేస్తారు. వయసు మీరిందనో కట్నం ఇచ్చుకోలేరనో ఒక అమ్మాయిని తెచ్చి, పెళ్లినాడే ఇద్దరు పిల్లల తల్లిని చేస్తారు, మర్నాటి నుంచి ఊరంతా ఆమె మీద కన్నేసి ఉంచుతుంది. ధ్రువుణ్ని తండ్రి ఒడిలోంచి లాగేసిన సురుచి, సారంగధరుడి చేతులూ కాళ్లూ నరికించిన చిత్రాంగి, వీళ్లంతా ఆ అమ్మాయి కంటే ముందే ఆ ఇంట్లో కాపురం పెట్టి ఉంటారు. పిల్లవాడికి అన్నం ఆలస్యమైతే సవతి తల్లి బుద్ధి, కసురుకుంటే సవతి తల్లి బుద్ధి. కన్నతల్లి రోజుకు పదిసార్లు చేసే పనులే ఆమె చేస్తే నేరాలవుతాయి.

ఈ తొందరకు విరుగుడు పరిచయ కాలం. ఆ మాటకు నా ఉద్దేశం కూడా చెప్పాలి. ఇద్దరు పెద్దవాళ్లు, చట్టప్రకారం స్వేచ్ఛ ఉన్నవాళ్లు, అంటే మొదటి వివాహం మరణంతోనో కోర్టు డిక్రీతోనో ముగిసినవాళ్లు, పెళ్లి కావచ్చు కాకపోవచ్చు అన్న ఎరుకతో దొంగచాటు లేకుండా కలుసుకోవడం, మాట్లాడుకోవడం, ఆగి ఆలోచించుకోవడం. ఇందులో ఒక ఇంట్లోకి మారిపోవాల్సిన తొందర లేదు, మూడో నెలకే ముహూర్తం పెట్టాల్సిన తొందర అసలే లేదు. చూపుల్లో తెలియనివి ఈ కాలంలో తెలుస్తాయి. సినిమాకు వెళ్లాల్సిన సాయంత్రం పాపకు జ్వరం వస్తే అవతలి మనిషి మొహం ఎలా మారుతుంది? 'సరే, మందు వేశావా' అంటాడా, 'మీ అమ్మ చూసుకోలేదా' అంటాడా? బాబు కన్నతండ్రి గురించి బాబు ముందే చులకనగా మాట్లాడతాడా? స్కూలు ఫీజుల విషయం వచ్చినప్పుడు మాట తప్పిస్తాడా? ఆదివారాల్లో బిడ్డ తండ్రి దగ్గరికి వెళ్లిరావడాన్ని మామూలుగా తీసుకుంటాడా, అనుమానపడతాడా? మగవాడికి పిల్లలుంటే ఇవే ప్రశ్నలు తిరగేసి ఆమె విషయంలో చూసుకోవచ్చు. ఆమె కూడా చూసుకోవాల్సినవి ఉన్నాయి: తన పిల్లల బాధ్యత ఆయన తనే మోస్తున్నాడా, లేక జీతం ఇవ్వక్కర్లేని ఆయా కోసం వెతుకుతున్నాడా అన్నది నాలుగైదు నెలల్లో బయటపడుతుంది. నాలుగు గంటల చూపుల్లో బయటపడదు.

ఇది ఊహ మీద కట్టిన వాదన కాదు. అమెరికాలో విడాకులు, పునర్వివాహాలు ఎక్కువ కాబట్టి అక్కడ దీనిపై అర్ధశతాబ్దిగా పరిశోధన జరిగింది. వర్జీనియాలో కుటుంబాలను దశాబ్దాల పాటు గమనించిన మనస్తత్వ శాస్త్రవేత్త మేవిస్ హెదరింగ్టన్, ఇలా కలిసిన కుటుంబం కుదుటపడటానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని తేల్చారు. కొత్తగా వచ్చిన పెద్దమనిషి మొదట్లోనే క్రమశిక్షణ పగ్గాలు పట్టుకుంటే వ్యవహారం బెడిసికొడుతుందనీ, కన్నవారు నియమాలు పెడుతుంటే వెనక నిలబడి, బిడ్డతో ముందు స్నేహం కలుపుకునేవారు నెగ్గుకొస్తారనీ ఆమెతో పాటు ఈ రంగంలో పనిచేసిన పలువురు చెప్పారు. పిల్లలు యవ్వనంలో అడుగుపెడుతున్న వయసులో ఇది మరీ కష్టం. చిన్నారులతో నెలల్లో అయ్యేది పన్నెండేళ్ల పిల్లతో ఏళ్లు పట్టొచ్చు. ఆండ్రూ చెర్లిన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1978లోనే పునర్వివాహాన్ని అసంపూర్ణమైన వ్యవస్థ అన్నారు. మొదటి పెళ్లికి ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరి మాట ఎక్కడ చెల్లుతుంది అన్న కట్టుబాట్లు సమాజం ముందే రాసి పెడుతుంది. పిల్లలున్న రెండో పెళ్లికి అవేమీ లేవు, ప్రతి ఇల్లూ సొంతంగా తయారుచేసుకోవాలి. మన దగ్గర ఈ మాట ఇంకా ఎక్కువ నిజం. అల్లుడికీ కోడలికీ మర్యాదల పట్టిక మనకు కంఠతా వచ్చు. తల్లి రెండో భర్తకు బిడ్డ రిపోర్టు కార్డు మీద సంతకం పెట్టే అర్హత ఉందా అంటే ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. అమెరికా ఫలితాలు మన ఇళ్లకు అచ్చంగా సరిపోవు, నిజమే. అక్కడ లేని అత్తలు, మేనమామలు, బాబాయిలు ఇక్కడ ఉంటారు, వాళ్లు మేలూ చేస్తారు, పుల్లలూ పెడతారు. అయినా కుదుటపడటానికి ఏళ్లు పట్టే ప్రయాణాన్ని నెల రోజుల పరిచయంతో మొదలుపెట్టడం ఏ దేశంలోనైనా అవివేకమే.

పరిచయం ఉండాలంటే సరిపోదు, అది దాపరికం లేనిదై ఉండాలి. మన దగ్గర అసలు చిక్కు ఇక్కడే. పిల్లలున్న ఒంటరి తల్లి ఇంటికి ఒక మగమనిషి రెండుసార్లు వస్తే ఇంటి ఓనరు అద్దె ఒప్పందం గుర్తు చేస్తాడు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రిజిస్టర్ కంటే వేగంగా ఎదురింటివాళ్లు లెక్క రాస్తారు. అత్తింటివాళ్లకు తెలిస్తే ఆ మాట రేపు కస్టడీ కేసులో అఫిడవిట్ అయి కూర్చుంటుంది. అందుకే చాలామంది దాస్తారు. దాచినప్పుడు ఆ బరువు పడేది బిడ్డ మీద. 'ఆ అంకుల్ వచ్చినట్టు తాతయ్యకు చెప్పకు' అని ఆరేళ్ల పిల్లకు నేర్పడమంటే, పెద్దవాళ్ల రహస్యానికి ఆ పిల్లను కాపలా పెట్టడమే. పైగా, రహస్యం దాచడం మామూలే అని బిడ్డకు ఒకసారి అలవాటు చేస్తే, దాచకూడని విషయం జరిగిన రోజున కూడా ఆ బిడ్డ నోరు విప్పదు. పరిచయాన్ని తప్పుగా చూసే సమాజం బిడ్డను కాపాడుతున్నాననుకుంటుంది, చేసేది మాత్రం బిడ్డ చుట్టూ చీకటి పెంచడమే. ఇంట్లో ఒక్కరికైనా, తల్లికో అన్నకో దగ్గరి స్నేహితురాలికో, మొదటి నుంచీ తెలిసి ఉండటం ఈ పరిచయానికి కనీస షరతు అనుకోవాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. పెద్దవాళ్లు తెలుసుకుంటూ తెలుసుకుంటూ ఉండగా పిల్లలు ఆ మనిషికి అలవాటు పడతారు, తర్వాత కుదరలేదని ఆయన వెళ్లిపోతే వాళ్లు ఇంకోసారి తండ్రిని పోగొట్టుకున్నట్టే కదా, ఈ ముక్కచెక్కల కంటే ఒక్కసారి పెళ్లి చేసుకుని స్థిరపడటమే నయం కాదా అని. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. పైన చెప్పిన చెర్లిన్ 2009లో రాసిన పుస్తకంలో, ఇంట్లోకి మనుషులు వచ్చిపోతూ ఉండటమే పిల్లలకు కీడు చేస్తుందని, ఒంటరి తల్లి దగ్గర స్థిరంగా పెరగడం కొన్నిసార్లు దాని కంటే మేలని వాదించారు. నేను దాన్ని ఒప్పుకుంటాను. అందుకే పెద్దవాళ్ల పరిచయాన్నీ బిడ్డతో పరిచయాన్నీ విడదీయాలి. ఇద్దరి మధ్య నమ్మకం కుదిరి, పెళ్లి దాకా వెళ్లొచ్చని ఇద్దరికీ అనిపించే దాకా బిడ్డకు ఆయన అమ్మ ఆఫీసు స్నేహితుల్లో ఒకరు మాత్రమే. బహుమతులు, విహారాలు, 'నీకు నాన్న కావాలా' లాంటి ప్రశ్నలు అక్కడ అక్కర్లేదు. ఆ దశలో విడిపోతే బిడ్డకు తగిలేది చిన్న దెబ్బ. నెల రోజుల్లో పెళ్లి చేసుకుని ఏడాదికి విడిపోతే తగిలేది రెండో విడాకుల దెబ్బ. చెర్లిన్ మాట నిజానికి తొందర పెళ్లికి వ్యతిరేకంగానే పనిచేస్తుంది.

రెండో అభ్యంతరం భద్రత గురించి. పరాయి మగవాణ్ని ఆడపిల్ల ఉన్న ఇంట్లోకి రానిస్తారా అని అడిగేవాళ్లను ఛాదస్తులని తీసిపారేయకూడదు. కన్నవారి కంటే సవతి తండ్రుల చేతుల్లో పసిపిల్లలకు ప్రమాదం ఎక్కువని కెనడా పరిశోధకులు మార్టిన్ డేలీ, మార్గో విల్సన్ 1980ల్లో చెప్పారు. ఆ వాదనను స్వీడన్ వంటి చోట్ల లెక్కలతో ప్రశ్నించినవాళ్లూ ఉన్నారు. మన జాతీయ నేర గణాంక సంస్థ నివేదికల్లో పిల్లలపై అత్యాచారాల కేసులు చూస్తే, పదింట తొమ్మిదికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లే. వాళ్లలో ఇరుగుపొరుగు, బంధువులు, కన్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి భయపడటం సబబే, ఆ భయాన్ని ఎటు తిప్పుతున్నామన్నదే ప్రశ్న. ఆ భయం మనల్ని నిదానం వైపు నడిపించాలి. మూడో వారంలో ముహూర్తం పెట్టినప్పుడు వరుడి పాత భార్య ఎందుకు వెళ్లిపోయిందో ఆరా తీసే తీరిక ఎవరికుంటుంది? పరిచయ కాలంలో బిడ్డతో ఆయన్ను ఒంటరిగా వదలకపోవడం, బిడ్డ ఇష్టపడకపోతే ఒళ్లో కూర్చోమని, ముద్దు పెట్టమని బలవంతం చేయకపోవడం, అతి త్వరగా బిడ్డకు దగ్గరైపోవాలని తహతహలాడే మనిషిని అనుమానించడం, ఇవన్నీ వీలవుతాయి. తాళి కట్టిన మర్నాడు ఇవేవీ వీలుకావు. 'ఆయన ఇప్పుడు తండ్రి' అన్న ఒక్క మాట అన్నింటికీ తాళం వేస్తుంది.

ఇదంతా అమెరికా పోకడ అనేవాళ్లకు పెద్దగా చెప్పాల్సింది లేదు, ఆ అమెరికా మనకిప్పుడు అంత దూరమేం కాదన్నది తప్ప. అక్కడ 2011లో ప్యూ సంస్థ ప్రచురించిన సర్వేలో వయోజనుల్లో 42 శాతం మందికి సవతి బంధుత్వం ఒక్కటైనా ఉందని తేలింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలు అలాంటి ఇళ్ల నుంచి వచ్చే తోటి పిల్లలతోనే చదువుకుంటున్నారు. ఇక్కడ రెండో పెళ్లిళ్లు ఆ సంఖ్యలో లేకపోవచ్చు, ఉన్నవాటి భారం మాత్రం తక్కువేం కాదు.

పిల్లలున్న మనిషిని ఇష్టపడి వచ్చే రెండో వ్యక్తి వైపు నుంచి కూడా ఈ విషయం చూడాలి. మన చర్చల్లో ఆ మనిషి ఎప్పుడూ త్యాగమూర్తి, లేకపోతే ఆస్తి కోసం వచ్చిన మాయలాడి. మామూలు మనిషిగా ఎవరూ చూడరు. తల్లికీ బిడ్డకూ మధ్య ఏళ్ల తరబడి పెరిగిన భాష, అలవాట్లు, జోకులు ఉంటాయి, వచ్చినవాడు వాటి బయటే నిలబడి ఉంటాడు. ప్యాట్రీషియా పేపర్నో అనే మనస్తత్వ నిపుణురాలు ఇలాంటి ఇళ్లలో ఒకరు ఎప్పుడూ లోపలివారుగా, ఇంకొకరు ఎప్పుడూ బయటివారుగా ఇరుక్కుపోవడం ఒక ప్రధాన సమస్య అని రాశారు. సెలవుల ప్లాను బిడ్డ పరీక్షలను బట్టి మారుతుంది. జీతంలో కొంత మొదటి పెళ్లి పిల్లలకు వెళుతుంది, వెళ్లాలి కూడా. మాజీ భర్తో భార్యో ఫోన్‌లో ఎప్పుడూ ఉంటారు. ఇవన్నీ భరించగలనా అని తనను తాను అడుగుకునే వ్యవధి ఆ మనిషికి ఇవ్వాలి. ఇచ్చాక 'నావల్ల కాదు' అని మర్యాదగా తప్పుకుంటే అతన్ని స్వార్థపరుడనకూడదు. మూడుముళ్లూ పడ్డాక ఆ సంగతి తెలుసుకునేవాడి కంటే అతను బిడ్డకు చేసిన మేలు ఎక్కువ. 'నువ్వంటే ఇష్టమే, బిడ్డను మీ అమ్మ దగ్గర వదిలేసి రా' అనేవాడి సంగతి వేరు. అతను పెడుతున్నది బేరం.

చట్టం ఈ ఇళ్లను ఎలా చూస్తోందో కూడా తెలిసి ఉండాలి, ప్రేమ సరిపోతుందన్న భ్రమ పోవడానికైనా. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం సవతి తండ్రి, సవతి తల్లి సహజ సంరక్షకులు కారు. భరణం ఇవ్వాల్సిన బాధ్యతను హిందూ చట్టమైనా, పాత నేర విచారణ చట్టం స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షనైనా సొంత బిడ్డల వరకే పెడతాయి. పదేళ్లు ఒకే కంచంలో తిన్న సవతి బిడ్డకు అందులో చోటు లేదు. గృహహింస చట్టం మాత్రం 2005లోనే 'బిడ్డ' నిర్వచనంలో సవతి పిల్లలనూ చేర్చింది. తండ్రి రెండో భార్యకు సంతానం లేకపోతే సవతి పిల్లల నుంచి పోషణ కోరే వీలును 1956 దత్తత, మనోవర్తి చట్టం ఇచ్చింది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం ఇంకో అడుగు వేసి, 'తల్లిదండ్రులు' అన్న నిర్వచనంలో సవతి తండ్రినీ సవతి తల్లినీ నేరుగా రాసింది. 2019లో తెచ్చిన సవరణ బిల్లు బాధ్యత వహించాల్సిన సంతానం జాబితాలో సవతి పిల్లల పేరు పెట్టాలని చూసింది, అది చట్టం కాలేదు. ముసలితనంలో సవతి తల్లిదండ్రులకు హక్కుంది, పసితనంలో సవతి బిడ్డకు అలాంటి హక్కు లేదు. బంధం ఒకటే అయినప్పుడు బాధ్యత ఒకవైపే ఎందుకు నడవాలి? దత్తత తీసుకుంటే ఈ లోటు పూడుతుంది. 2022 దత్తత నిబంధనలు సవతి తల్లిదండ్రులకు దారి చూపాయి. అయితే కన్నతండ్రి బతికి ఉంటే ఆయన సమ్మతి కావాలి, అది దొరకడం అన్ని ఇళ్లలో సాధ్యం కాదు.

కోర్టులు చట్టం కంటే కొంచెం ముందుకు నడిచాయి. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుందన్న ఒక్క కారణంతో బిడ్డను ఆమెకు ఇవ్వకపోవడం కుదరదని సుప్రీంకోర్టు 2006లోనే అంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసు ఇంకా ఆసక్తికరం. తండ్రి 2006లో పోయేనాటికి బిడ్డ నెలల పసికందు. మరుసటి ఏడాది తల్లి మళ్లీ పెళ్లాడింది. తాతా నానమ్మలు వేసిన కేసులో హైకోర్టు, బిడ్డకు పోయిన తండ్రి ఇంటిపేరే ఉండాలనీ, రికార్డుల్లో ఇప్పటి భర్త పేరు రాయాల్సి వస్తే సవతి తండ్రి అని స్పష్టంగా రాయాలనీ ఆదేశించింది. 2022 జులైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలా రాయించడం బిడ్డ మనసు మీద ఎంత క్రూరంగా పనిచేస్తుందో గుర్తించి, తండ్రి పోయాక ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లికే బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని చెప్పింది. 2025 జులైలో మరో కేసులో, కన్నతండ్రికి బిడ్డను అప్పగించమన్న తన పాత ఉత్తర్వునే మార్చుకుంది, ఆ అప్పగింత మాట విన్నప్పటి నుంచి పిల్లవాడు ఆందోళనతో కుంగిపోతున్నాడని వైద్యులు చెప్పడంతో. తల్లి, ఆమె రెండో భర్త, వాళ్లకు పుట్టిన తమ్ముడు కలిసి ఉన్న ఇంటినే ఆ పిల్లవాడు తన ఇల్లనుకున్నాడు. రక్తసంబంధం ఒక్కటే ఇల్లు కాదని అత్యున్నత న్యాయస్థానం పిల్లవాడి నోటి నుంచి విని ఒప్పుకోవాల్సి వచ్చింది.

సంబంధాలు చూసే పెద్దలకు ఒక విన్నపం. కూతురికో చెల్లెలికో రెండో పెళ్లి తలపెట్టినప్పుడు వచ్చినవాళ్లతో బిడ్డ మాట ఆఖర్న కాదు, మొదటే ఎత్తండి. ఇద్దరూ ఏడాది పాటు కలిసి మాట్లాడుకుంటామంటే ఊరేమనుకుంటుందోనని అడ్డుపడకండి, అటూ ఇటూ తెలిసిన ఒకరిని తోడుంచి కలవనివ్వండి. బిడ్డకు ఊహ తెలిసిన వయసైతే వాడు ఏమనుకుంటున్నాడో పెళ్లికి ముందే, వేరుగా కూర్చోబెట్టుకుని అడగండి. వాడు ఒప్పుకోకపోతే పెళ్లి ఆగిపోవాలని కాదు, ఎందుకు ఒప్పుకోవడం లేదో తెలియకుండా ముహూర్తం పెట్టకూడదని. ఇంత ఆగలేమన్న సంబంధం ఎంత మంచిదైనా, ఎంత జీతమున్నదైనా, వద్దని చెప్పి పంపేయండి.